టెక్కలి నుంచి జోంబాకి: ఒక రిటైర్డ్ లెక్కల టీచరు అనుభవం

విదేశం వెళ్ళి వాలంటీరుగా పాఠాలు చెప్పాలంటే భక్తి కంటే ముందు కాగితాలు కావాలి. ఈ మాట మా చర్చి సంఘంలో కొందరికి నచ్చదు. కానీ నేను ఆఫ్రికాలోని మలావీ నుంచి తిరిగొచ్చాక ఫోన్ చేసేవాళ్ళంతా అడిగేది అదే. "అక్కా, ఎలా వెళ్ళారు, ఎవరు పంపారు, జీతం ఎంత ఇచ్చారు?" జీతం సంగతి ముందే చెప్పేస్తాను: లేదు. మిగతాది తీరిగ్గా చెప్పుకుందాం.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి, 2021లో అరవై నిండి రిటైరయ్యాను. మరుసటి జనవరి నుంచి రిటైర్మెంటు వయసు 62కి పెంచారు. కొద్దిలో తప్పిపోయిన ఆ రెండేళ్ళ గురించి మా బ్యాచ్ వాళ్ళం ఎప్పుడు కలిసినా ఒకసారి నిట్టూర్చి, తర్వాత టీ తాగుతాం. మా వారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. పొద్దున పేపరు, సాయంత్రం వాకింగు, ఆయనకి రోజు గడిచిపోతుంది. నాకు మాత్రం పది గంటలయ్యేసరికి ఎక్కడో బెల్లు కొట్టినట్టే ఉండేది.

మా ఇంట్లో మిషనరీల కబుర్లకి కొదవ లేదు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, ఆ తర్వాత బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, సోంపేట దాకా వచ్చారు. మా అమ్మమ్మ సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో ఆయాగా చేసింది. అక్కడ డాక్టర్ బెన్ గలిసన్ కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన పనికి తోడుగానే 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. అయితే అమ్మమ్మ ఎక్కువగా చెప్పింది ఆపరేషన్ల గురించి కాదు. ఆ దొరసానులు మన ఎండల్లో ఎన్నేళ్ళు ఉండిపోయారో, బజారులో బేరం ఆడేంత తెలుగు ఎలా నేర్చారో చెప్పేది. "వచ్చినోళ్ళు గొప్పోళ్ళు కాదే, ఉండిపోయినోళ్ళు గొప్పోళ్ళు" అనేది.

అందుకే, ఆఫ్రికాలో సంఘాలు నడిపే హైస్కూళ్ళకి రిటైర్డ్ టీచర్లను పంపే సంస్థ ఒకటి ఉందని మా పాస్టరు గారు చెప్పినప్పుడు, నాకు అందులో నచ్చింది ఒకే ఒక్క షరతు: పూర్తి విద్యా సంవత్సరం ఉండాలి. రెండు వారాలు, నెల రోజులు అంటే వాళ్ళు తీసుకోరు.

మలావీ ఎక్కడుందో ఇంట్లో వాళ్ళకి పటంలో చూపించాల్సి వచ్చింది. జాంబియా, టాంజానియా, మొజాంబిక్‌ల మధ్య సన్నగా, పొడుగ్గా ఉండే దేశం. సముద్రం లేదు, బదులుగా పెద్ద సరస్సు ఉంది. మా అమ్మాయి నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పక్కింటి మామ్మయితే గుమ్మంలోకే వచ్చింది. "ఏటమ్మా టీచరమ్మా, మనవల్ని ఎత్తుకోవాల్సిన వయసులో ఆఫ్రికా ఎల్తావేటి? అక్కడ సింవాలుంటాయంట."

"నేను పాఠం చెప్పేది సింహాలకి కాదులే మామ్మా" అన్నాను. ఆవిడకి ఆ జవాబు సరిపోలేదు.

ఇక కాగితాలు. మనలో చాలామంది క్రైస్తవులకి ఉండే చిక్కే నాకూ ఉంది. సంఘం పుస్తకంలో బాప్తిస్మం పేరు ఒకటి, టెన్త్ సర్టిఫికెట్లో బడిలో వేయించిన పేరు ఒకటి, పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు ఇంకొకటి. పాస్టరు గారి సిఫారసు ఉత్తరంలో ఉన్నావిడా, ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీలో ఉన్నావిడా ఒకరేనని విదేశీయులకి ఎవరు చెప్పాలి? నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి ప్రతి దరఖాస్తుకీ ఒక కాపీ జత చేశాం. మీరు వెళ్ళాలనుకుంటే ముందు ఈ పని చేసుకోండి, మిగతావన్నీ దీని మీదే ఆగుతాయి.

డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లను మొదట రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరించాలి, తర్వాత విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ అపోస్టిల్ అనే ముద్ర వేయాలి. విదేశాంగ శాఖ మన చేతి నుంచి నేరుగా తీసుకోదు, వాళ్ళు గుర్తించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. ఒరిజినల్స్ కొరియర్‌లో పోతున్న రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. పోలీసు క్లియరెన్సుకి పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా అప్లై చేస్తే, విచారణకి ఇంటికొచ్చిన కానిస్టేబులు నా పాత విద్యార్థి. కుర్చీలో కూర్చోనంటాడు, నిలబడే అన్నీ రాసుకున్నాడు.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి చాలామందికి తెలియదు. మలావీలో ఆ జ్వరం లేదు. కానీ మా విమానం ఇథియోపియాలోని అడిస్ అబాబాలో మారాలి, ఆ దేశం ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అటు మీదుగా ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు పసుపు కార్డు, అంటే ఆ టీకా సర్టిఫికెట్, లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కాదు, క్వారంటైన్‌కి వెళ్ళాల్సి రావచ్చు. విశాఖలో పోర్టు హెల్త్ వాళ్ళ దగ్గర వేయించుకున్నాను. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్ళకి ఇబ్బందులు రావడానికి కాస్త ఎక్కువ అవకాశం ఉంటుంది కాబట్టి డాక్టరు గుచ్చి గుచ్చి అడిగారు. వేరే మందులేమైనా వాడుతున్నారా, గుడ్డు పడదా అని కూడా.

అన్నిటికంటే ఆలస్యమైంది పర్మిట్. ఉచితంగా చెప్పినా సరే, మలావీలో బడిలో పని చేయాలంటే టెంపరరీ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ కావాలి, దానికి ఫీజు ఉంది. విజిటర్ వీసా మీద వెళ్ళి, గుట్టుగా పాఠాలు చెప్పి వచ్చేయొచ్చని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. దేవుని పని పేరు చెప్పి ఇంకో దేశం చట్టం తప్పడం నాకు అసలు మింగుడు పడదు. మా సంస్థ కూడా ఒప్పుకోదు. పర్మిట్ వచ్చేదాకా ఆగాం.

పెన్షనర్లకి ఇంకో మాట. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ సంగతి బయల్దేరక ముందే ట్రెజరీలో అడిగి ఏర్పాటు చేసుకోండి. లేకపోతే మీరు అక్కడ బతికే ఉంటారు గానీ ఇక్కడ పెన్షన్ ఆగిపోతుంది.

వెళ్ళే ముందు కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చారు. పిల్లల ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు, ఎవరికీ విడిగా డబ్బివ్వకూడదు, చెయ్యి ఎత్తకూడదు, తరగతి గదిలో మతం మాట్లాడకూడదు. చివరి నియమం మా సంఘంలో ఒకరిద్దరికి కొరుకుడు పడలేదు. "మరి ఎందుకు వెళ్తున్నట్టు?" అన్నారు. లెక్కలు చెప్పడానికి అన్నాను. లెక్కలు సరిగ్గా చెప్పడం కూడా విశ్వాసానికి సాక్ష్యమేనని నా నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను.

సూట్‌కేసులో ప్రెషర్ కుక్కర్, చింతపండు, జ్యామెట్రీ బాక్సులు, బోర్డు మీద వృత్తాలు గీసే పెద్ద చెక్క కంపాస్ పెట్టుకున్నాను. ఆ కంపాస్ ఏమిటని ముంబయి ఎయిర్‌పోర్టులో బ్యాగు తెరిపించారు. ఆ కుర్రాడికి అక్కడే చాక్‌పీసు బిగించి చూపించాను.

2022 సెప్టెంబరులో బ్లాంటైర్‌లో దిగాను. అక్కడి నుంచి జోంబాకి కారులో గంటన్నర పట్టదు. జోంబా 1975 దాకా ఆ దేశానికి రాజధాని, వెనకాల పెద్ద కొండ, పాత బ్రిటిష్ బంగళాలు. మా బడి అక్కడి నుంచి ఇంకా లోపల ఒక పల్లెలో ఉంది. దారి పొడుగునా పెట్రోలు బంకుల దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. దేశంలో డాలర్ల కొరత, అందుకని పెట్రోలు కొరత. కరెంటు సంగతి మరీ అన్యాయం. ఆ ఏడాది జనవరిలో అనా తుఫాను వరదకి షిరే నది మీది కపిచిరా విద్యుత్ కేంద్రం ఆనకట్ట దెబ్బతిని 130 మెగావాట్లు పోయాయి. నేనున్నప్పుడు సాయంత్రం లైటు వెలిగితే పక్క క్వార్టర్ల పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు.

తిండికి ఇబ్బంది పడలేదు. తెల్ల మొక్కజొన్న పిండితో చేసే న్సీమా చూడ్డానికి తెల్లటి చోడి సంకటిలా ఉంటుంది, చేత్తోనే తింటారు. పక్కన గుమ్మడాకు కూరో, చిక్కుడు గింజలో, ఉసిపా అనే సరస్సు చేపలో. ఎండబెట్టిన ఉసిపా అచ్చం మన ఎండు నెత్తళ్ళే. భావనపాడు రేవు గాలి తగిలినట్టయింది. నన్ను ఆశ్చర్యపరిచింది కంది చేలు. దక్షిణ మలావీలో మొక్కజొన్న మధ్య కంది వేస్తారు. ఏటా 50,000 టన్నుల కందులు కొనడానికి మన ప్రభుత్వం 2021లో ఆ దేశంతో ఐదేళ్ళ ఒప్పందం చేసుకుంది. మన కిరాణా కొట్లో కొనే పప్పులో ఆ పొలాల గింజలు ఉండే ఉంటాయి. ఊళ్ళో మాత్రం పచ్చి కాయలు ఉడకబెట్టుకునో, గింజలు గింజలుగా వండుకునో తింటారు. హెడ్మాస్టరు గారి భార్యకి ముద్దపప్పు పెడితే రుచి చూసి, బాగుంది గానీ ఇంత మెత్తగా ఎందుకు, ఇంట్లో పళ్ళు లేనివాళ్ళున్నారా అని అడిగింది.

బడి సంగతికొస్తాను. అక్కడ ప్రైమరీ ఎనిమిదేళ్ళు, సెకండరీ నాలుగేళ్ళు. ప్రైమరీ చదువు 1994 నుంచి ఉచితం. నేనున్నప్పుడు సెకండరీకి వచ్చేసరికి సీట్లూ తక్కువ, ఖర్చూ ఎక్కువ, అందుకే వచ్చిన పిల్లలకి దాని విలువ తెలుసు. నాకు ఫారం 3, ఫారం 4, అంటే సెకండరీలో చివరి రెండు తరగతుల లెక్కలు ఇచ్చారు. నా ముందున్న లెక్కల మాస్టారు వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఏడాదిగా ఆ పీరియడ్లలో పిల్లలు ఊరికే కూర్చుంటున్నారు, లేకపోతే పై క్లాసు పిల్లాడొకడు పాత నోట్సు చూసి బోర్డు మీద ఎక్కిస్తున్నాడు. గదిలో డెబ్బై మంది దాకా ఉండేవాళ్ళు. పాఠ్యపుస్తకం ఒక బెంచీకి ఒకటి వస్తే అదృష్టం.

నేను జీవితమంతా తెలుగు మీడియంలో చెప్పినదాన్ని. ఇంగ్లీషులో గంటసేపు చెప్పగలనా అని లోపల టెన్షన్ ఉండేది. నాలుగు రోజులకే తెలిసింది, ఇంగ్లీషు వాళ్ళకీ ఇంటి భాష కాదు. నా ఉచ్చారణకి వాళ్ళు నవ్వేవాళ్ళు, వాళ్ళ ఉచ్చారణకి నేను నవ్వేదాన్ని. చిన్న చిన్న వాక్యాలు, బోర్డు మీద బొమ్మ, ఇద్దరికీ బాగానే సాగింది. సమితులు, వర్గ సమీకరణాలు, వృత్తానికి స్పర్శరేఖలు, త్రికోణమితి, అన్నీ నేను టెన్త్‌కి చెప్పిన పాఠాలే. కష్టమల్లా రాతలో ఇచ్చే లెక్కలతో. లెక్క తెలుసు, ప్రశ్న ఏమడుగుతోందో తెలియదు. అది టెక్కలిలోనూ చూసిందే.

"అర్థమైందా" అంటే డెబ్బై గొంతులూ "యెస్ మేడమ్" అంటాయి. ఈ జవాబుని ఏ దేశంలోనూ నమ్మకూడదు. ఇద్దరిద్దరిని బోర్డు దగ్గరికి పిలిచి, ఒకరు చెప్తుంటే ఇంకొకరు గీసేలా చేశాను. చెప్పేవాళ్ళు చాక్‌పీసు ముట్టుకోకూడదు. మొదట్లో ఆడపిల్లలకి గొంతు పెగిలేది కాదు. రెండో టర్మ్‌కి వాళ్ళే అబ్బాయిల మీద అరిచేవాళ్ళు, "లంబం గీయమంటే అడ్డంగా గీస్తావేంటి" అని.

మే నెలలో సరూప త్రిభుజాలు చెప్పినప్పటి పాఠం నాకు బాగా ఇష్టం. ఆవరణలో పెద్ద మామిడి చెట్టుంది. దాని ఎత్తు ఎక్కకుండా చెప్పాలి. పదకొండున్నర దాటాక అందరం బయటికి వెళ్ళాం. మీటరు కర్ర నిలబెడితే నీడ సుమారు డెబ్బై సెంటీమీటర్లు. చెట్టు నీడని తాడుతో కొలిస్తే ఎనిమిది మీటర్ల నలభై. ఒక అబ్బాయి నేల మీద పుల్లతో గీసి, పన్నెండు మీటర్లు అన్నాడు. అప్పటికే నా కళ్ళు వేరే దాని మీద ఉన్నాయి. నీడ దక్షిణానికి పడింది. టెక్కలిలో ఏడాదిలో ఎక్కువ రోజులు మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది, బడి ముంగిట జెండా కర్ర నీడ ముప్పై ఏళ్ళు చూశాను. ఆ సంగతి చెప్తే పిల్లలు నమ్మలేదు. "మీ సూర్యుడు వేరా మేడమ్?" అంది ముందు వరసలో పిల్ల. ఫుట్‌బాల్ తెప్పించి, మధ్యలో భూమధ్యరేఖ గీసి, పైన టెక్కలికీ కింద జోంబాకీ రెండు అగ్గిపుల్లలు అంటించి, తిప్పి చూపించాను. ఆ పీరియడే కాదు, తర్వాతి పీరియడూ అయిపోయింది. జాగ్రఫీ మాస్టారు కూడా వచ్చి నిలబడ్డాడు కాబట్టి గొడవ లేకపోయింది.

వాళ్ళ పబ్లిక్ పరీక్ష ఫారం 4 చివర ఉంటుంది. సబ్జెక్టుకి 1 నుంచి 9 దాకా పాయింట్లు, 1 అన్నిటికంటే మంచిది, 9 అంటే ఫెయిల్. ఆరు సబ్జెక్టులవి కూడతారు. తన పెద్ద కొడుక్కి నలభై ఎనిమిది వచ్చిందని ఒక తల్లి చెప్తే, సంతోషించాలా ఓదార్చాలా అని క్షణం ఆలోచించాల్సి వచ్చింది. ఓదార్చాలి.

దూరపు ఊళ్ళ ఆడపిల్లలు బడి దగ్గర చిన్న గదులు అద్దెకి తీసుకుని, ముగ్గురు నలుగురు కలిసి వండుకుని చదువుకుంటారు. తాళం సరిగ్గా పడని గదులు. పెద్ద దిక్కు ఉండదు. పెళ్ళి వయసు పద్దెనిమిదని 2017లో రాజ్యాంగంలోనే మార్చారు, అయినా జనవరి నుంచి మార్చి దాకా, పాత పంట అయిపోయి కొత్త పంట చేతికి రాని ఆకలి నెలల్లో, ఒకరిద్దరు అమ్మాయిలు బడికి రావడం మానేస్తారు. ఎందుకని టీచర్లు నన్ను అడగనివ్వలేదు, వాళ్ళే సైకిళ్ళ మీద వెళ్ళి మాట్లాడి తీసుకొచ్చేవాళ్ళు. ఆ పని నాకంటే వాళ్ళు వంద రెట్లు బాగా చేస్తారు.

ఆదివారం ఆరాధన మన దాని కంటే పొడుగు. ప్రతి బృందానికీ ఒక పాట దక్కాల్సిందే, కానుకలు ఆడుతూ పాడుతూ ముందుకెళ్ళి వేస్తారు. నన్ను తెలుగు పాట పాడమన్నారు. నా గొంతు సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు, అక్కడ తెలియదు కాబట్టి పాడాను. వాళ్ళకి తెలిసిన ఇండియన్లు లింబేలో కొట్లు నడిపే గుజరాతీలు. మీ దేశంలో క్రైస్తవులున్నారా అని ఒక పెద్దాయన అడిగాడు. లండన్ మిషనరీలు జార్జి క్రాన్, దెగ్రాంజ్ 1805లోనే విశాఖపట్నం వచ్చారనీ, లివింగ్‌స్టన్ మీ సరస్సు చేరింది 1859లోననీ చెప్పాను. మాదే యాభై ఏళ్ళు సీనియారిటీ అంటే పకపకా నవ్వాడు.

ఆయనే నాకు జాన్ చిలెంబ్వే గురించి చెప్పాడు. బాప్టిస్టు పాస్టరు. అమెరికాలో చదువుకుని 1900లో తిరిగొచ్చి జోంబా దారిలోని చిరాద్జులులో చర్చీ, బళ్ళూ కట్టాడు. తోటల్లో కూలీల మీద తెల్ల దొరల దౌర్జన్యం, యుద్ధానికి మనుషుల్ని తోలడం చూసి 1915 జనవరిలో తిరగబడ్డాడు, కొద్ది రోజులకే కాల్చి చంపారు. మన అల్లూరి మన్యంలో లేచింది 1922లో. 500 క్వాచాల నోటు మీద చిలెంబ్వే బొమ్మ ఉంది, జనవరి 15 సెలవు. మిషనరీలంటే దొరలు, మనం వాళ్ళ శిష్యులం అనుకుంటూ పెరిగిన నాకు, బళ్ళు కట్టించి దొరలనే ఎదిరించిన ఈ పాస్టరు కొత్తగా అనిపించాడు.

2023 జనవరిలో కలరా. ఆ దేశ చరిత్రలోనే పెద్దది, బ్లాంటైర్, రాజధాని లిలాంగ్వేల్లో బళ్ళు తెరవడం వాయిదా వేశారు. మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను. ఆస్ట్రేలియా వైపు పుట్టి, హిందూ మహాసముద్రం మొత్తం దాటి, మొజాంబిక్‌ని రెండుసార్లు కొట్టి, ఐదు వారాలకు పైగా బతికిన తుఫాను అది. 12వ తేదీ ఆదివారం రాత్రి నుంచి వాన ఆగలేదు. నేను తిత్లీ చూసినదాన్ని. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మాకు గాలి శత్రువు. అక్కడ నీళ్ళు. కాల్చని మట్టి ఇటుకలతో కట్టిన ఇళ్ళు, గోడలు అడుగు నుంచి నానిపోయి, చప్పుడు లేకుండా కూర్చుండిపోయాయి. బ్లాంటైర్‌లో కొండవాలు బస్తీల మీదికి బురద, బండలు దిగాయి. చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి దేశంలో వెయ్యి దాటారు.

మా బడి శిబిరమైంది. నాకు చేతనైంది ఒకటే: రిజిస్టరు. తుఫాను డ్యూటీలు మనకి కొత్త కాదు కదా. ఏ గదిలో ఎవరు, చిన్నపిల్లలెందరు, మందులు వాడేవాళ్ళెవరు, ఎవరికి దుప్పటి అందింది, గీతలు గీసి రాశాను. పిండి బస్తాలొచ్చిన రోజు తోపులాట లేకుండా పని జరిగిందంటే ఆ గీతల వల్లే. లెక్కల టీచరుగా నేను అక్కడ చేసిన మంచి పని అదేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

బళ్ళు మళ్ళీ మొదలయ్యాక ఇంకో దేశం నుంచి రెండు వారాల బృందమొకటి వచ్చింది. మంచి పిల్లలే, మనసున్నవాళ్ళే. హాలుకి రంగులేశారు, ఆటలాడించారు. ఫారం 4 వాళ్ళకి తుఫానుతో పోయిన పాఠాలు పోగా, వీళ్ళ కార్యక్రమాలకి మరో వారం పోయింది. ఎవరికీ ఏమీ అనడానికి మనసు రాలేదు. శనివారాలు క్లాసు పెట్టి పూడ్చుకున్నాం.

ఆ రోజుల్లోనే, స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ, ఫిజిక్స్ చెప్పే స్థానిక మాస్టారు అడిగాడు. మర్యాదగానే. "మేడమ్, మీ విమానం టికెట్టు, పర్మిట్ ఫీజు, ఇన్సూరెన్సు అన్నీ కలిపితే ఇక్కడ ఒక టీచరుకి ఎన్ని నెలల జీతం? మీరు లెక్కల వాళ్ళు కదా, వేసి చెప్పండి." అప్పట్లో రూపాయికి పన్నెండు, పదమూడు క్వాచాలు. ఆ రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని వేశాను. ఏడాదికి తగ్గకుండా వచ్చింది. ట్రైనింగ్ పూర్తి చేసి, ప్రభుత్వం భర్తీ చేయక ఖాళీగా ఉన్న టీచర్లు ఆ ఊళ్ళోనే ఉన్నారు. బడి దగ్గర జీతానికి డబ్బు లేదు, అంతే.

మర్నాడు అతనికి అంకె చెప్పాను. అతను నా మొహం చూసి, "మీరు రావద్దని కాదు మేడమ్. ఒక్కసారి వచ్చారు కాబట్టే ఈ సంగతి మీకు తెలిసింది" అన్నాడు. అదీ నిజమే. టెక్కలిలో కూర్చుంటే నాకు ఆ బడి ఎక్కడుందో కూడా తెలిసేది కాదు. కానీ రెండోసారి వెళ్ళడానికి అది కారణం కాదు.

ఫారం 4 పరీక్షలు అయ్యేదాకా ఉండి ఆగస్టులో వచ్చేశాను. చెక్క కంపాస్ అక్కడే వదిలేశాను.

మా సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. సింహాల గురించి అడిగారు, చెప్పాను, చూడలేదని. తర్వాత కమిటీ మీటింగులో, ఈసారి ఇంకొకరిని పంపుదామనే మాట వచ్చింది. నేను వద్దన్నాను. ఆ డబ్బుతో అక్కడి టీచరుకే జీతమిద్దాం అన్నాను. పెద్ద చర్చే జరిగింది. మనిషి వెళ్తే ప్రార్థనలో పేరు పెట్టి తలచుకుంటారు, ఫోటో చూస్తారు, జీతం పంపితే ఏం కనిపిస్తుంది అని ఒకాయన అన్నారు. ఆ మాటలో కొంత నిజముంది, అందుకే నాకు ఒళ్ళు మండింది. చివరికి ఆడిటరు గారు తేల్చారు: ట్రస్టు సొమ్ము విదేశంలో ఖర్చు పెట్టాలంటే పన్ను నిబంధనలతో తలనొప్పి, వ్యక్తులుగా సొంత ఖాతా నుంచి పంపుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అలా పంపుకోవచ్చు, బ్యాంకులో ఏ2 అనే ఫారం నింపాలి.

ఇప్పుడు మేం కొంతమంది పెన్షనర్లం టర్ముకొకసారి డబ్బు పోగేస్తాం. నా ఖాతా నుంచి వెళ్తుంది. మా బ్రాంచిలో అంతకు ముందు ఎవరూ మలావీకి డబ్బు పంపలేదట. మొదటిసారి కౌంటరులో అబ్బాయి కంప్యూటర్లో ఆ దేశం పేరు వెతకడానికే చాలాసేపు పట్టింది. జోంబాలో ట్రైనింగ్ అయిన అమ్మాయి ఒకామె బడిలో చేరింది. ఫారం 3కి, ఫారం 4కి లెక్కల పీరియడ్లు నడుస్తున్నాయి. మా పెన్షనర్లలో ఇద్దరు ఇప్పటికే ఎన్నాళ్ళు ఇవ్వాలి అని అడగడం మొదలుపెట్టారు. వచ్చే టర్ముకి కొత్తవాళ్ళని వెతుక్కోవాలి.